బండి గొంతు మారిన వేసవి

అమ్మ పోయి ఏడాది నిండినందుకు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని తమ్ముడు కబురు చేస్తే, మొన్న వేసవిలో కడప నుంచి బేతంచెర్ల వెళ్ళాను. తమ్ముడి కొడుకు శామ్యూలు రెండు లారీలు తిప్పుతాడు. వాటిలో పాతదానికి ఇంజన్ దించి, పూర్తిగా విప్పి, కొత్త సామాన్లు వేయించి తెచ్చాడట. తెచ్చిన రోజు నుంచీ అందులో ఏదో శబ్దం. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు బండిని స్టార్ట్ చేసి పెట్టి, ఫోన్ ఇంజన్ దగ్గర పట్టుకుని ఆ శబ్దాన్ని రికార్డు చేస్తున్నాడు. దాన్ని కర్నూలులో ఒక మెకానిక్‌కు, డోన్‌లో ఇంకొకరికి పంపాడు. మేము అన్నాలకు కూర్చునేలోపే జవాబులు వచ్చాయి. ఒకాయన ఇంజెక్టర్ అన్నాడు, ఇంకొకాయన బండి కళ్ళ ముందుకు రాకుండా ఏమీ చెప్పలేనన్నాడు. "నువ్వూ విను అత్తా, మా జేజి అయితే ఇంట్లో నుంచే చెప్పేదంట కదా" అని శామ్యూలు తన నాయనమ్మను తలచుకుని నవ్వుతూ ఫోన్ నా చేతికిచ్చాడు. విన్నాను. నాకేమీ తెలియలేదు. ఆ తర్వాత అది ఇంజెక్టరేనని తేలింది, మార్చారు, బండి లోడుకు పోయింది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. కానీ 'మా జేజి ఇంట్లో నుంచే చెప్పేదంట' అన్న మాట నాతో పాటు కడప దాకా వచ్చింది. ఇళ్ళల్లో జరిగిన పెద్ద పెద్ద సంగతులు అరిగి అరిగి చివరికి అట్లా ఒక్క వాక్యంగా మిగులుతాయి. అమ్మ ఏం చెప్పిందో, చెప్పినందువల్ల ఎవరికి ఏం జరిగిందో శామ్యూలుకు తెలియదు. వాళ్ళ నాన్నకు తెలిసింది కూడా సగమే, అప్పటికి వాడు మరీ చిన్నవాడు. తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాసి పెడుతున్నాను.

మా ఇల్లు స్టేషన్ అవతల, రైలు గేటు దాటాక వచ్చే వీధిలో ఉండేది. ఊరి చుట్టూ నాపరాతి గనులు, ఊళ్ళో బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు. ఏ గడప మీద చూసినా, ఏ ఆకు మీద చూసినా తెల్లటి సన్నని దుమ్ము ఉండేది. మా ఇంట్లో నేలకు, అరుగుకు, దొడ్లో నీళ్ళతొట్టికి, ఆఖరికి అమ్మ చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరే చోట కూడా ఫ్యాక్టరీ వాళ్ళు అంచు విరిగిందని పక్కన పారేసిన బండలే పరిచి ఉండేవి. మా నాయన యోహాను ఆ బండలను లారీకెత్తుకుని కడప మీదుగా చిత్తూరు, వేలూరు వైపు తిరిగేవాడు. లారీ మాదే. ఎవరో బాగా వాడి వదిలించుకున్నదాన్ని నాయన కొన్నాడు. ఆకుపచ్చ క్యాబిన్, దాని నుదుటి మీద పసుపు అక్షరాలతో 'ఇమ్మానుయేలు' అని రాయించాడు. మాకు సెంటు భూమి లేదు. మా వాళ్ళలో చాలామంది గనుల్లో కూలికి పోయేవాళ్ళు, కొందరికి ఊరి బయట ఎకరమో అరెకరమో చేను ఉండేది. వాళ్ళ మధ్య లారీ ఉన్న ఇల్లు అంటే అదొక హోదా. చర్చిలో నాయనకు కిటికీ పక్కన కుర్చీ వేసేవాళ్ళు.

నాయన ఎప్పుడు వస్తాడో మాకు ముందుగా తెలిసేది కాదు, ఇంట్లో ఫోన్ లేదు. తెలిసేది అమ్మకే, అదీ బండి గేటు దగ్గరికి వచ్చాకే. రైలు గేటు దగ్గర ప్రతి లారీ వేగం తగ్గించి, గేరు మార్చుకుని, పట్టాల మీద ఎగిరెగిరి పడుతూ ఇవతలికి వస్తుంది. రోజుకు ఎన్ని లారీలు అట్లా వచ్చేవో లెక్క లేదు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకం ఇంజన్లు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జొన్న రొట్టె తడుతూనో, తమ్ముడి తలకు నూనె రాస్తూనో ఉన్నట్టుండి చెయ్యి ఆపేది. "మీ నాయన వచ్చినాడు. ఎసరు పెట్టు" అనేది. నేను సంగటికి ఎసరు పెట్టి, దొడ్లో కంపకట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెట్టేసరికి బండి వాకిట్లో ఆగేది. ఆమె పొరపాటు పడటం నేను చూడలేదు. అందులో వింతేమీ ఉన్నట్టు అప్పుడు అనిపించలేదు. పక్కింటి ఆవిడ తన గేదె అరుపు గుర్తుపట్టేది, ఇదీ అట్లాంటిదే అనుకునేవాళ్ళం.

బండి దిగిన నాయన దగ్గర డీజిల్, చెమట, బీడీ, రాతి దుమ్ము కలిసిన వాసన వచ్చేది. ముందు కిరసనాయిలుతో చేతులు రుద్దుకునేవాడు, తర్వాత సీకాయ పొడితో, ఆ తర్వాత ఎర్ర సబ్బుతో. అంతా అయ్యాక కూడా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చిన ట్రిప్పు అయితే కాగితంలో చుట్టిన పాలకోవా తెచ్చేవాడు. దానికీ కొంచెం డీజిల్ వాసన పట్టేది, మేము ఆ వాసనతోనే తినేవాళ్ళం. సంగటి తిన్నాక కుటుంబ ప్రార్థన. చాప మీద అందరం మోకరిస్తే నాయన ప్రార్థన చేసేవాడు. బండి తోలిన చివరి రెండేళ్ళలో ఆయన ప్రార్థన చాలా పెద్ద గొంతుతో సాగేది, వీధి చివర దాకా వినపడేది. ఆయనలో భక్తి ముదిరిందని మేమూ, పాస్టరయ్యా కూడా సంతోషపడ్డాం. నాయనతో పాటు ఓబులేసు అనే క్లీనర్ ఉండేవాడు. నాయన కంటే కొన్నేళ్ళు చిన్న, పెళ్ళాం బిడ్డలు ఉన్నవాడు, లైసెన్సు కూడా ఉంది. అయినా నాయనను వదిలి వేరే బండి ఎక్కేవాడు కాదు. వెనక నుంచి ఏదైనా బండి దారి అడిగితే క్లీనర్లు తలుపు మీద అరచేత్తో కొట్టి చెప్తారు. ఓబులేసు కొట్టుడు మాత్రం రానురాను తలుపు విరిగిపోయేంత గట్టిగా ఉండేది. దాన్ని కూడా అతని అలవాటు అనుకున్నాం.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవిలో బండి పూర్తిగా డీలా పడింది. నల్లటి పొగ, ఇంజన్ ఆయిల్ తాగడం, ఘాట్ ఎక్కేటప్పుడు ఊపిరి అందనట్టు ఆగిపోవడం. ఖాదర్ మేస్త్రీ చూసి, ఇక పైపై పనులతో లాభం లేదు, ఇంజన్ దించాల్సిందే అన్నాడు. ఖాదర్‌ది బనగానపల్లె దారిలో రేకుల షెడ్డు. ఆయనా నాయనా ఒకే లారీ మీద క్లీనర్లుగా మొదలుపెట్టి, ఒకరు స్టీరింగ్ వైపు, ఒకరు పానాల వైపు పోయారు. అన్నదమ్ముల కంటే ఎక్కువగా ఉండేవాళ్ళు. రంజాన్ సేమ్యా వాళ్ళింటి నుంచి, క్రిస్మస్ అరిసెలు మా ఇంటి నుంచి ఎప్పుడూ తప్పలేదు. ఇంజన్ విప్పి, దిమ్మెను కర్నూలు లేత్‌కు పంపి, కొత్త పిస్టన్లు, బేరింగులు తెప్పించి మళ్ళీ బిగించేసరికి వేసవి సగం గడిచింది. అన్ని రోజులు నాయన ఇంట్లో ఉండటం నాకు తెలిసి అదే మొదటిసారి. పొద్దున షెడ్డుకు పోయేవాడు, మధ్యాహ్నం వచ్చి అరుగు మీద పడుకునేవాడు. పలకరిస్తే ఒక్కోసారి పలికేవాడు, ఒక్కోసారి లేదు. పని లేక చిరాకుగా ఉందనుకుని మేము పక్కకు తప్పుకునేవాళ్ళం.

బండి షెడ్డు నుంచి వచ్చిన రోజు పాస్టరయ్యను పిలిచారు. కొత్తగా రంగు వేసిన క్యాబిన్ ముందు, ఇంజన్ నడుస్తుండగానే ఆయన చెయ్యి చాపి ప్రార్థన చేశాడు. అందరం ఆమెన్ అన్నాం. అమ్మ అనలేదు. కళ్ళు తెరిచి బండి వైపే చూస్తూ నిలబడింది.

"ఇది మన బండి గొంతు కాదు" అంది.

పాస్టరయ్య నవ్వాడు. "ఇంజను కొత్తదాయె కదా రూతమ్మా, గొంతూ కొత్తగానే ఉంటాది."

"కొత్తదైతే కొత్తగా ఉండాల. ఇది ఏందో లోపల కొట్టుకుంటాండాది."

నాయన బానెట్ మీద చెయ్యి వేసి మురిసిపోతున్నాడు. అమ్మ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పింది. ఆయన ఆమె ముఖం వైపు చూసి, "శబ్దమా? ఏ శబ్దం? నూనె పోసినట్టు పోతాంటే!" అన్నాడు. నేను చెవులు రిక్కించి విన్నాను. నిజంగానే అడుగున ఏదో టక్ టక్ అంటోంది, తలుపు అవతల ఎవరో మెల్లగా తడుతున్నట్టు. కానీ అంత పెద్ద ఇంజన్‌లో ఏది ఉండాల్సిన చప్పుడో, ఏది ఉండకూడనిదో నాకెట్లా తెలుస్తుంది? ఓబులేసు వైపు చూస్తే అతను తల దించుకుని టైరు మీద మట్టి గోకుతున్నాడు.

మర్నాడు బండి ఖాళీగా డోన్ దాకా పోయి వచ్చింది. గేటు దాటి వస్తుంటే అమ్మ ఎసరు పెట్టమనలేదు. పొయ్యి దగ్గరి నుంచి లేచి వాకిట్లోకి పోయి నిలబడింది. బండి ఆగాక, నాయన ఇంజన్ ఆపేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత రెండు రోజులు వంట మీద ఆమె ధ్యాస లేదు. సంగటి అడుగంటింది, అన్నం పలుకుగా దిగింది. ఇంతలో వేలూరు వైపు బండల లోడు కుదిరింది. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాలి. ఎండాకాలం, నిండు లోడు, అంతా మలుపులే.

లోడు ఎత్తిన పొద్దున నాయన ఎప్పటిలాగే అన్నం క్యారియర్ కోసం బండిని ఇంటి ముందు ఆపాడు. ఇంజన్ ఆపలేదు. అమ్మ క్యారియర్ తీసుకుని బయటికి వచ్చింది గానీ ఇవ్వలేదు.

"ఖాదర్‌కు ఒక తూరి చూపించి పో" అంది.

"మళ్ళా అదేనా? వాడు బిగించిన ఇంజను వాడికే చూపించాల్నా?"

"దావలోనే కదా ఉండేది. ఒక్క తూరి."

నాయనకు కోపం వచ్చింది. "నాకు చెప్తాండావా నువ్వు? ఈ స్టీరింగు పట్టుకుని నా చేతులు కాయలు కాసినాయి. పొయ్యికాడ కూర్చున్నదానివి, నీకేం తెల్సు ఇంజను?"

"ఇంజను తెలీదు. శబ్దం తెల్సు" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "మేరీ, తమ్మునికి చెప్పులేసి పక్కింట్లో ఇడ్సి రా" అంది. నేను తిరిగి వచ్చేసరికి ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టింది. బండిని కొన్న తర్వాత ఆమె అందులో ఎక్కింది రెండో మూడో సార్లు, అదీ సువార్త మహాసభలకు. ఓబులేసు నోరు తెరుచుకుని చూస్తూ ఆమెకు చెయ్యి అందించాడు. నాయన వీధిలో వాళ్ళు చూస్తున్నారని గమనించి బండి కదిలించాడు. నేను అప్పటికే ఎక్కి, సీటు వెనక పలక మీద ఇరుక్కుని కూర్చున్నాను.

ఖాదర్ మేస్త్రీ అమ్మను క్యాబిన్‌లో చూసి చేతిలో పానా కింద పెట్టాడు. "వదినా! నువ్వు వస్తివేమి?" అన్నాడు. అమ్మ చెప్పింది. ఆయన నాయనలాగా కొట్టిపారేయలేదు. తల పక్కకు వంచి కాసేపు విన్నాడు. ఒక పొడుగాటి ఇనుప కడ్డీ తెచ్చి, ఒక కొస ఇంజన్ మీద ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని, ముందు నుంచి వెనక దాకా ఒక్కో చోటే విన్నాడు. కొత్త పిస్టన్లు కుదురుకునే దాకా కొంచెం చప్పుడు చేస్తాయి, అదేమోనన్నాడు. అయినా అనుమానం తీరక, ఒక్కో సిలిండర్‌కు డీజిల్ పోయే గొట్టం మర కొద్దిగా వదులు చేసి, అది పని చేయకుండా ఆపి విన్నాడు. ఏ సిలిండర్‌ను ఆపితే చప్పుడు తగ్గుతుందో తప్పు అందులో ఉన్నట్టు. ఆరింటినీ ఆపి చూశాడు. చప్పుడు ఒక్క రవ్వ కూడా మారలేదు.

నాయన కడ్డీ లాక్కుని తనూ చెవికి పెట్టుకున్నాడు. పెట్టుకుని, గెలిచినవాడిలా అమ్మ వైపు చూశాడు. "చూస్తివా? శబ్దమే లేదు. యాడుండాది శబ్దం?"

ఖాదర్ ఆయన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు, నవ్వు లేదు. "శబ్దం ఉండాది అన్నా" అన్నాడు నెమ్మదిగా. "యాడిదో తెలీడం లేదు, అంతే. శబ్దం అయితే ఉండాది."

నాయన అది వినలేదు. అప్పటికే అటు తిరిగి బీడీ వెలిగించుకుంటున్నాడు.

అమ్మ క్యాబిన్‌లో నుంచే ఖాదర్‌ను పిలిచింది. "ఒక సంగతి చెప్తా, పనికొస్తాదో లేదో. బండి మా వాకిట్లో నిలబడినప్పుడు కొట్టుకుంటానే ఉంటాది. కదిలే ముందర ఒక్క చిటిక నిలిచిపోతాది. గేరు ఏస్తాడు చూడు, దానికి ముందర."

ఖాదర్ ముఖం మారింది. క్యాబిన్ ఎక్కి, నాయన సీట్లో కూర్చుని క్లచ్ తొక్కాడు. టక్ టక్ ఆగిపోయింది. వదిలాడు, మళ్ళీ మొదలైంది. ఇంకోసారి తొక్కి వదిలాడు. వెంటనే ఇంజన్ ఆపేశాడు. "అల్లా" అన్నాడు మెల్లగా. చప్పుడు ఇంజన్‌లో లేదని ఆయనకు అర్థమైంది. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఫ్లైవీలు అని బరువైన ఇనుప చక్రం తిరుగుతుంది. దాన్ని బిగించిన బోల్టులు వదులైతే అది అట్లా కొట్టుకుంటుంది, క్లచ్ తొక్కితే ఒత్తిడికి ఆగుతుంది. ఇంజన్ శబ్దం అనుకుని వెతికినవాళ్ళకు దొరకదు.

ఖాదర్ బండి కిందికి దూరి, ఆ చక్రం కింద ఉన్న మూత విప్పాడు. బోల్టులన్నీ చూడాలంటే చక్రం కొంచెం కొంచెం తిరగాలి. అందుకు పై నుంచి ఎవరైనా సెల్ఫ్ తాళం ఒక్క క్షణం తిప్పి వదలాలి. నాయన సీట్లో కూర్చున్నాడు, పక్కన అమ్మ, వెనక నేను. ఓబులేసు కింద దీపం పట్టుకున్నాడు. "సెల్ఫ్ కొట్టన్నా" అని అరిచాడు ఖాదర్. నాయన కదల్లేదు. అమ్మ ఆయన మోచేయి తాకి, "కొట్టమంటాండాడు" అంది. కొట్టాడు. కింద చక్రం కొంచెం తిరిగింది. మళ్ళీ అట్లాగే. మూడోసారి ఖాదర్ గొంతు వినపడింది. "ఆగన్నా, కొట్టొద్దు, చెయ్యి లోపల పెట్నా!" నాయనకు గొంతు మాత్రం వినపడినట్టుంది, మాటలు కాదు. ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది.

అమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకోవడం కూడా కాదు, మీద పడినట్టే పడింది. గాజులు స్టీరింగ్‌కు తగిలి రెండు చిట్లాయి. నాయన ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. కింద ఖాదర్ ఏదో గొణుక్కుంటూ పని చేసుకుంటున్నాడు, పైన జరిగింది ఆయనకు తెలియదు.

"ఏమన్నాడు?" అని అడిగాడు నాయన.

"చెయ్యి లోపల పెట్నా, ఆగమన్నాడు" అంది అమ్మ, ముఖం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడివిడిగా. నాయన తాళం తీసి ఆమె ఒళ్ళో పెట్టి, తలుపు తెరుచుకుని కిందికి దిగిపోయాడు.

ఖాదర్ బయటికి వచ్చి అరచెయ్యి చాపాడు. అందులో రెండు బోల్టు తలలు, తెగినవి. మిగతావన్నీ చేత్తో తిప్పితే తిరుగుతున్నాయన్నాడు. బోల్టులు కదలకుండా వాటి తలల మీదికి మడిచే రేకు ముక్కలు ఉంటాయి. పాతవే మళ్ళీ వేశాడట, అవి విరిగిపోయాయి. "ఇది నా పని. నా తప్పే" అన్నాడు. "ఘాట్ దిగేటప్పుడు ఆ చక్రం ఊడింటే క్లచ్చు లేదు, గేరు లేదు. అంత లోడుతో..." అని ఆపేశాడు. నాయన ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. షెడ్డు ముందు టైరు మీద కూర్చుని, ఆరిపోయిన బీడీ నోట్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఖాదర్ ఆ తర్వాత చాలాసార్లు అన్నాడు.

లోడు వేరే బండికి మార్చారు. మా బండి గేర్‌బాక్సు దించి, కొత్త బోల్టులు, కొత్త రేకులు వేసి బిగించారు. చప్పుడు పోయింది. ఆ పని జరుగుతుండగానే ఒకరోజు ఖాదర్ మా ఇంటికి వచ్చి, అరుగు మీద నాయనకు ఎదురుగా కూర్చుని, "అన్నా, ఎన్ని దినాల నుంచి?" అని అడిగాడు. నాయన ఏమిటని అడగలేదు. "రెండేండ్లు అయితాదేమో" అన్నాడు. కుడి చెవి ముందు పోయింది, తర్వాత ఎడమది. హారన్లు వినపడక ఓబులేసును తలుపు గట్టిగా కొట్టమనేవాడు. ఆ కొట్టుడు చెవితో కాకుండా తలుపు అదురుతో తెలిసేది. ఇంజన్ బాగోగులు కాలి కింద అదురుతో, స్టీరింగ్ వణుకుతో తెలిసేవి. ఫ్లైవీలు అదురు మాత్రం కొత్త ఇంజన్ అదురులో కలిసిపోయింది. ఓబులేసు కూడా ఆ రోజే నోరు విప్పాడు. చప్పుడు తనకు మొదటి రోజే వినపడిందట. "నేను చెప్తే, మరి అన్నకు ఎందుకు ఇనపడలేదని మీరంతా అడగతారు కదమ్మా" అన్నాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించాం. ఏళ్ళ తరబడి ఇంజన్ పక్కన కూర్చున్నందుకు లోపలి నరం చచ్చిపోయిందనీ, అది తిరిగి రాదనీ చెప్పారు. ఇంటికి వచ్చాక నాయన ఓబులేసును పిలిచి బండి అప్పగించాడు. ఆ అప్పగించడంలో ఏ తంతూ లేదు. రేపటి నుంచి నువ్వు తోలు అన్నాడు, అంతే.

అప్పటికి ఆయన వయసు నా ఇప్పటి వయసు కంటే చాలా తక్కువ. కొన్నాళ్ళు దొడ్లో కూర్చుని పాత పానాలు తుడుచుకుంటూ గడిపాడు. ప్రార్థన చేయడం మానేసి ఆ పని నాకు అప్పజెప్పాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాడని నా అనుమానం. తర్వాత ఒక పాలిష్ ఫ్యాక్టరీలో లోడింగ్ చూసుకునే పనికి కుదిరాడు. అక్కడ రంపాలు, నునుపు యంత్రాలు రోజంతా తిరుగుతుంటాయి. ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇన్ని బండలని వేళ్ళు చూపిస్తారు, ఆపమని పిడికిలి ఎత్తుతారు. ఆ ఊళ్ళో నాయనకు వినపడదన్న సంగతి ఎవరికీ పట్టని చోటు అదొక్కటే. ఆయన అక్కడ చాలా ఏళ్ళు పనిచేశాడు, బాగానే చేశాడు. సంతోషంగా చేశాడా అంటే నేను చెప్పలేను.

ఇప్పుడు శామ్యూలు బండి ఎక్కడుందో అతని భార్యకు ఫోన్‌లో చుక్కలా కనపడుతుంది. బండి గొంతు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. లోడు దిగిందో లేదో, డ్రైవర్ ఎంతసేపు ఆగాడో అన్నీ ఆ చుక్కే చెప్తుంది. ఇది మంచిదే. రోజుల తరబడి మనిషి జాడ తెలియకుండా గేటు వైపు చెవి పెట్టుకుని కూర్చోవడంలో గొప్పతనమేమీ లేదని, అట్లా కూర్చున్న అమ్మ పక్కన పెరిగాను కాబట్టి నాకు తెలుసు. ఫ్యాక్టరీల్లో ఇప్పుడు చెవులకు పెట్టుకునే మూతలు ఇస్తారట. కొందరు పెట్టుకుంటారు, కొందరు మెడకు వేలాడదీసుకుంటారు. అదే దుమ్ము. గేటు ఉన్న చోట పట్టాల కింద నుంచి రోడ్డు వేశారు. లారీలు ఇప్పుడు ఆగకుండా పోతాయి.

నాయన పోయాక అమ్మ కొంతకాలం కడపలో నా దగ్గర ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఉలవల్లో రాళ్ళు ఏరుతున్నాం. ఎందుకు అడిగానో గుర్తు లేదు గానీ, "మా, ఆ పొద్దు షెడ్డులో నాయన చెయ్యి అంత తొందరగా ఎట్ల పట్టుకుంటివి?" అని అడిగాను.

"నేను ఆ చేతినే చూస్తాంటిని" అంది. "ఖాదర్ చెప్పేది ఆయనకు ఇనపడదని నాకు తెల్సు కదా."

"అప్పటికే తెల్సా?"

"అంతకు ముందు క్రిస్మస్‌కే తెల్సు. ఎనక నుంచి పిలిస్తే తిరిగేటోడు కాదు. ఎదురుగా పిలిస్తే పలికేటోడు."

"మరి ఎవరికీ చెప్పకపోతివే?"

అమ్మ చేట ఒకసారి కుదిపింది. "చెప్తే బండి దిగాల. దిగితే ఆయన దగ్గర ఇంకేముంటాది? ఓబులేసు ఉండాడు, తలుపు కొడతాండాడు, జరిగినన్ని దినాలు జరగనీ అనుకుంటి. దేవుని కూడా అదే అడుగుతాంటి. ఆ శబ్దం వచ్చినంక ఇంగ కుదరలేదు. మొదటి దినం నోరు జారి అంటి, ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ పట్టుబట్టి చెప్పకుంటే ఆయన ఘాట్‌కు పోతాడు. చెప్తే, ఇంట్లో ఆడదానికి ఇనిపించింది నీకెందుకు ఇనపడలేదని అడగతారు. రెండు దినాలు అదే. చెప్దునా, మానుకుందునా. ఆఖరికి, డ్రైవరు పోతే పోనీ, మనిషి మిగలాల అనుకున్నా."

"నీకు ముందే తెల్సని నాయనకు తెల్సా?"

"చెయ్యి పట్టుకున్నప్పుడు నా మొగం చూసినాడు కదా, అప్పుడే తెల్సిపోయింది. మళ్ళా ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు."

"కోపం ఉండెనా?"

అమ్మ చేటలో నుంచి ఒక రాయి ఏరి పక్కన వేసింది. "ఆ మాట ఆయన్ను అడిగేదానికి గట్టిగా అరవాల్సి వస్తాది" అంది. "అది అరిచి అడిగే మాటా?"